పీఠము మాఱిన ధర్మము మాఱునా?



స్త్రీ యొక్క దేహముమీదను, తాను తల్లి కావలెనా వలదా యను నిర్ణయముమీదను అధికారమెవరిది? ఈ వివాదము న్యాయస్థానమునకు వచ్చినప్పుడు అచ్చటి పీఠమున కూర్చున్నవారెవరు, వారిని అచ్చట కూర్చుండబెట్టినవారెవరు అను విచారణ సామాన్య గృహస్థులకెందుకు? చట్టమొకటి యున్నది గదా, ఎవరు కూర్చున్నను తీర్పొకటియే గదా యని మనలో పెక్కురు తలంతురు. నేనును చిరకాలము అట్లే తలంచితిని. ఆ తలంపు తప్పని నాకు తెలియజెప్పినది మన హైదరాబాదు హైకోర్టు చరిత్రలోని యొక ఘట్టము. నేడు దానినే మీకు మనవి చేయుదును.

ముందుగా మన పూర్వుల మాట యొకటి. యాజ్ఞవల్క్య స్మృతిలో వ్యవహారాధ్యాయమును తెఱచి చూచినచో, అప్పులు, నిక్షేపములు, భాగములు మొదలైన వివాదముల ప్రసంగము మొట్టమొదట రాదు. వానికన్న ముందు రాజు తీర్పు చెప్పుటకు ఎట్టివారిని సభలో కూర్చుండబెట్టుకొనవలెనో చెప్పబడినది. చదువు, సత్యము, పక్షపాతము లేమి అనునవి వారికుండవలసిన గుణములు. న్యాయమేమో చెప్పుటకు ముందు న్యాయము చెప్పువాడెట్టివాడో చెప్పుట ఊరక జరిగిన పని కాదు. అవే స్మృతివాక్యములను చూపి విజ్ఞానేశ్వరుడు కుమారునకు పుట్టుకతోడనే తాతముత్తాతల యాస్తిలో హక్కు కలదనెను. జీమూతవాహనుడు తండ్రి పోయిన పిదపనే యనెను. దక్షిణదేశమున మొదటివాని మాట, వంగదేశమున రెండవవాని మాట నడచినవి. గ్రంథమొకటియే; వ్యాఖ్యాత మాఱినందున లక్షల కుటుంబముల భాగ్యము మాఱినది. గురువులయొద్ద ఈ సంగతి చదువుకొనియు, అది నేటి కోర్టులకును వర్తించునని నేను చాలకాలము గ్రహింపలేదు.

1983వ సంవత్సరమున నేను నగరమునకు దాపుననున్న యొక పాఠశాలలో క్రొత్తగా చేరిన తెలుగు పండితుడను. ఆ యేడు జులై నెలలో మన హైకోర్టు ఒక తీర్పు చెప్పినది. ఇష్టములేని భార్యను భర్తతో కాపురము చేయుమని న్యాయస్థానము ఆజ్ఞాపించుట రాజ్యాంగ విరుద్ధమని దాని సారాంశము. పత్రికలో చదివి, పదవ తరగతిలో పద్యపాఠము నడుమ ఆ సంగతి పిల్లలకు చెప్పితిని. ఇకమీదట ఏ యాడుబిడ్డను గాని కోర్టువారు బలవంతముగా అత్తవారింటికి పొమ్మనజాలరని గర్వముతో పలికితిని. పదునాఱేండ్లు గడచినవి. 1999లో ఆ తరగతిలో ముందు వరుసను కూర్చుండిన పిల్ల యొకతె మా యింటికి వచ్చినది. అంతకు ముందటి యేడే మాదాపూరున సైబర్ టవర్స్ ప్రారంభమైనది. ఆ పరిసరముననే యామెకు ఉద్యోగము. చేతిలో కోర్టు నోటీసున్నది. విడిగా నున్న భర్త ఆమె కాపురమునకు రావలెనని దావా వేసియుండెను.

“సార్, ఈ సెక్షను మన హైకోర్టు ఎప్పుడో కొట్టేసిందని మీరే కదా చెప్పారు? వకీలుగారు ఇంకా ఉందంటున్నారు,” అని యామె యడిగినది.

నాకు వెంటనే మాట రాలేదు. ఆ తీర్పు సంవత్సరము దాటగనే ఢిల్లీలో రద్దయినదని నేనెఱుగుదును. అది తెలిసిన నాటికి ఆ పిల్లలు బడి విడిచిరి. వారికి చెప్పవలెనను తలంపే నాకు తోచలేదు. సగము చరిత్ర చెప్పి సగము మఱచిన ఉపాధ్యాయుడను నేను. “తప్పు నాదమ్మా,” అని మాత్రమంటిని. ఆనాడు విడిచిన రెండవ సగమును తెలిసికొనుటకు పిమ్మట గ్రంథములు వెదకితిని. ఆ వెదకులాటలో తేలినదే యీ ప్రసంగము.

కాపురమునకు రమ్మను దావాను చట్టమున దాంపత్య హక్కుల పునరుద్ధరణ మందురు. 1955 నాటి హిందూ వివాహ చట్టములో తొమ్మిదవ సెక్షను దీనికి సంబంధించినది. ఇది మన ధర్మశాస్త్రములలో పుట్టినది కాదు. ఇంగ్లండులో క్రైస్తవ మతాధికారుల న్యాయస్థానములలో పుట్టి, ఇంగ్లీషువారి కోర్టులతోబాటు మన దేశమునకు వచ్చినది. 1867లో లండనులోని ప్రీవీ కౌన్సిలు, ముసల్మాను దంపతుల వ్యాజ్య మొకదానిలో, ఇట్టి దావా భారతదేశమున చెల్లునని చెప్పినది. ఇంగ్లండువారు 1970లో చట్టముచేసి తమ దేశమున దీనిని తొలగించుకొనిరి. వారి యింట పాతదై పోయిన వస్తువు మన యింట మిగిలిపోయినది.

ఈ దావా చరిత్రలో న్యాయమూర్తి మాఱుటచే స్త్రీ గతి మాఱుట 1983లో క్రొత్తగా జరిగినది కాదు. మన రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు వితంతు వివాహములు జరిపించుచున్న దినములలోనే, బొంబాయిలో రుఖ్మాబాయి యను నామె వ్యాజ్యము దేశమంతట మాఱుమ్రోగినది. ఆమెకు పదునొకండవ యేట వివాహమైనది. పుట్టినింటనే పెరిగి, చదువుకొని, యుక్తవయస్సు వచ్చిన పిదప ఆ భర్తతో కాపురము చేయనని చెప్పినది. భర్త 1884లో దావా వేసెను. 1885లో జస్టిస్ పిన్హీ దావాను కొట్టివేసెను. పునరుద్ధరణమనగా ఉండి పోయినదానిని తిరిగి నిలుపుట. ఎన్నడును మొదలే కాని కాపురమును తిరిగి నిలుపుట యెట్లు? ఇష్టములేని యువతిని పశువును అప్పగించినట్లు అప్పగించుట తనవలన కాదని ఆయన యభిప్రాయము. 1886లో అప్పీలు విన్న చీఫ్ జస్టిస్ సార్జెంటు, జస్టిస్ బేలీ ఆ తీర్పును త్రోసివేసి, దావా చెల్లునని మరల విచారణకు పంపిరి. 1887లో జస్టిస్ ఫారన్ ఒక నెల లోపల భర్తయింటికి పోవలెనని, లేనియెడల ఆఱు నెలలు చెఱలో నుండవలెనని ఆజ్ఞాపించెను. రుఖ్మాబాయి చెఱకే పోదుననినది. 1888లో రెండువేల రూపాయలు భర్తకు చెల్లించి రాజీ కుదుర్చుకొని, ఇంగ్లండునకు పోయి వైద్యవిద్య నభ్యసించి, తిరిగివచ్చి సూరతు, రాజకోటలలో స్త్రీలకు వైద్యము చేసినది. ఆ స్త్రీ మాఱలేదు, భర్త మాఱలేదు, చట్టము మాఱలేదు. మాఱినది పీఠము మాత్రమే.

ఈ డిక్రీలకు లోబడనివారిని చెఱలో నుంచు పద్ధతి 1923లో తొలగినది. నాటినుండి ఆస్తి జప్తు మాత్రమే మిగిలినది. రుఖ్మాబాయి 1955లో కాలధర్మము నొందినది. ఆమెను చెఱవఱకు ఈడ్చిన ఆ దావాకు ఆ సంవత్సరముననే స్వతంత్ర భారతదేశపు పార్లమెంటు హిందూ వివాహ చట్టమున స్థానమిచ్చుట విధివిలాసము.

ఇక సరీత కేసు. సరీత దక్షిణాది చలనచిత్రములలో పేరుపొందిన నటి. 1975లో, పదునాఱేండ్ల ప్రాయమున, తిరుమలలో ఆమెకు వివాహమైనది. కొలది కాలములోనే దంపతులు వేఱైరి. కొన్నేండ్లకు భర్త కడప సబు కోర్టులో తొమ్మిదవ సెక్షను క్రింద దావా వేసెను. ఆ కోర్టునకు ఈ దావాను విచారించు అధికారము కలదా యను ప్రశ్నతో వ్యవహారము హైకోర్టునకు వచ్చినది. అచ్చట దానితోబాటు అంతకన్న పెద్ద ప్రశ్న ముందుకు వచ్చినది: అసలు ఈ సెక్షను రాజ్యాంగమునకు లోబడి యున్నదా? జస్టిస్ పి. ఏ. చౌదరిగారు ఏకసభ్య పీఠముగా కూర్చుండి, 1983 జులై 1వ తేదీన తీర్పు చెప్పిరి.

వారి తర్కమును నా మాటలలో చెప్పెదను. ఈ సెక్షను పైకి స్త్రీపురుషులకు సమానముగా కనబడును. భర్తయు దావా వేయవచ్చును, భార్యయు వేయవచ్చును. కాని ఫలమెవరిమీద పడును? ఇష్టములేని కాపురమువలన గర్భము ధరించునది భార్య. భర్త జీవితము మునుపటివలెనే నడచును. ఆమె జీవితము మాత్రము మునుపటివలె నుండదు. స్థితి సమానము కానివారిని సమానులుగా నెంచు చట్టము సమానత్వమును చెప్పు 14వ అధికరణమునకు విరుద్ధము. తన దేహమునకు సంబంధించిన అత్యంత స్వవిషయమును, ఎప్పుడు తల్లి కావలెనను నిర్ణయమును స్త్రీ చేతినుండి తీసి ప్రభుత్వము చేతికిచ్చుట ప్రాణస్వాతంత్ర్యములను కాపాడు 21వ అధికరణమునకు విరుద్ధము. ఇట్టి ఆజ్ఞవలన సమాజమునకు కలుగు మేలును లేదు. కాన తొమ్మిదవ సెక్షను చెల్లదు.

ఈ తర్కమునకు ఆధారములలో ఒకటి 1975 నాటి గోవింద్ కేసు. అందు సుప్రీం కోర్టు గోప్యతాహక్కును గుఱించి చర్చించుచు అమెరికా దేశపు తీర్పులను పరిశీలించినది. గర్భస్రావ విషయమున స్త్రీకి స్వాతంత్ర్యమిచ్చిన 1973 నాటి రో తీర్పు వానిలో నొకటి. వాషింగ్టనులో వెలిగించిన దీపమునుండి ఢిల్లీలో నొకటి, ఢిల్లీ దీపమునుండి మూసీ యొడ్డున నొకటి వెలిగినట్లయినది. ఆ మొదటి దీపము సంగతి ముందు చెప్పెదను.

అదే 1983వ సంవత్సరము, నవంబరు నెలలో, ఢిల్లీ హైకోర్టున జస్టిస్ అవధ్ బిహారీ రోహత్గీ అదే సెక్షనును విచారించిరి. ఆయన కాపురమనగా శయనగృహ మొక్కటియే కాదు, కలిసి జీవించుటయనిరి. విడిపోయినవారిని కలుపుటకే ఈ సెక్షను పుట్టినదనిరి. ఇంటిలోనికి రాజ్యాంగమును తెచ్చుట గాజుసామానుల అంగడిలోనికి ఆబోతును తోలుట వంటిదని యుపమానము చెప్పిరి. సెక్షను నిలుచునని తీర్పిచ్చిరి. ఒకే చట్టము, ఒకే రాజ్యాంగము, ఒకే సంవత్సరము. ఇద్దరు న్యాయమూర్తులు, రెండు తీర్పులు. ఇద్దరును విద్వాంసులే. ఒకరు గృహమును బయటనుండి చూచిరి. ఒకరు గృహములోనున్న వ్యక్తి కన్నులతో చూచిరి.

రెంటిలో నేది నిలుచునో 1984 ఆగస్టు 8వ తేదీన సుప్రీం కోర్టు తేల్చినది. సరోజ్ రాణి కేసున జస్టిస్ సవ్యసాచి ముఖర్జీ, జస్టిస్ ముర్తజా ఫజల్ అలీ గారలు ఢిల్లీ తీర్పునే స్వీకరించిరి. డిక్రీవలన ఎవరిని ఈడ్చుకొనిపోవుట లేదు, మాట వినని యెడల ఆస్తి జప్తు మాత్రమే కలదు, అది దంపతులను కలుపుటకొక ప్రోత్సాహమని వారి యభిప్రాయము. వింత యేమనగా, ఆ వ్యాజ్యమున మొదట కాపురమును కోరినది భార్యయే. భర్త డిక్రీకి సమ్మతించెను. ఒక సంవత్సరము కలిసి యుండలేదను కారణము చూపి, ఆ డిక్రీనే మెట్టుగా చేసికొని విడాకులు పొందెను. కలుపుటకని చెప్పబడిన సెక్షను విడదీయుటకు పనికివచ్చినది. అట్లు మన రాష్ట్రమున పదమూడు నెలలు మూగపడిన తొమ్మిదవ సెక్షనుకు మరల నోరు వచ్చినది.

ఇచ్చట ఒక చిన్న లెక్క చెప్పవలసియున్నది. మన హైకోర్టున తొలి మహిళా న్యాయమూర్తి జస్టిస్ కె. అమరేశ్వరి 1978లో నియమితురాలైనది. సుప్రీం కోర్టున తొలి మహిళా న్యాయమూర్తి జస్టిస్ ఫాతిమా బీవీ 1989లో వచ్చినది. అనగా 1984లో ఈ విషయము తేలునాటికి, రాజ్యాంగము వచ్చిన ముప్పదినాలుగేండ్లలో, గర్భభారము నెఱిగిన వ్యక్తి యొక్కతెయు ఆ సర్వోన్నత పీఠముమీద కూర్చుండలేదు.

పీఠమున కూర్చుండువారిని ఎన్నుకొనునదెవరు? రాజ్యాంగమున 124వ, 217వ అధికరణములు రాష్ట్రపతి నియమించుననియు, ప్రధాన న్యాయమూర్తి మొదలైనవారిని సంప్రదింపవలెననియు చెప్పుచున్నవి. ప్రధాన న్యాయమూర్తి సమ్మతియే యుండవలెనని రాజ్యాంగ సభలో కొందఱు కోరినప్పుడు, 1949 మే 24వ తేదీన డాక్టరు అంబేడ్కరు, ప్రధాన న్యాయమూర్తియు మానవుడే, ఆయనకును మన లోపములే యుండునని బదులు చెప్పిరి. సంప్రదింపు అను నడిమి దారి మంచిదనిరి. ఆ సంప్రదింపు అను మాటకు అర్థమేమి? 1981లో సుప్రీం కోర్టు ప్రభుత్వము మాటయే పైమాట యనెను. 1993లో ఆ కోర్టే తన తీర్పును త్రోసివేసి న్యాయమూర్తుల మాటయే పైమాట యనెను. అట్లు కొలీజియము పుట్టినది. 1998లో దానిని ప్రధాన న్యాయమూర్తియు, ఆయన తరువాతి నలుగురును గల మండలిగా స్థిరపఱచిరి. పార్లమెంటు 2014లో రాజ్యాంగ సవరణచేసి నియామకములకు వేఱొక సంఘమును కల్పింపగా, 2015 అక్టోబరు 16వ తేదీన అయిదుగురిలో నలుగురు న్యాయమూర్తులు దానిని కొట్టివేసిరి. ఒక్క మాటకు అర్థము మూడు మాఱులు మాఱినది. స్త్రీ హక్కు సంగతి యటుండగా, న్యాయమూర్తిని నియమించు పద్ధతియే న్యాయమూర్తి వ్యాఖ్యానముమీద ఆధారపడియున్నది.

ఆ యైదుగురిలో విభేదించిన యొకరు జస్టిస్ జాస్తి చలమేశ్వర్‌గారు. కృష్ణా జిల్లాలో పుట్టి, మన హైదరాబాదు హైకోర్టున న్యాయమూర్తిగా నుండినవారు. నియామకములు మూసిన తలుపుల వెనుక జరుగుచున్నవని వారు కటువుగా వ్రాసిరి. రెండేండ్లకు, 2017 ఆగస్టు 24వ తేదీన, గోప్యత ప్రాథమిక హక్కని తొమ్మిదుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగా తీర్పు చెప్పినప్పుడు, వారిలో చలమేశ్వర్‌గారు నొకరు. బిడ్డను కనవలెనా, గర్భమును తొలగించుకొనవలెనా యని నిర్ణయించుకొను స్త్రీ స్వాతంత్ర్యము గోప్యతలోనిదేయని ఆయన తన తీర్పున స్పష్టముగా వ్రాసిరి. నియామకములను, గర్భస్వాతంత్ర్యమును గుఱించి ఒకే చేయి వ్రాసినది. ఆ రెండు విషయములకు సంబంధమే లేదనువారు ఈ యిద్దఱు పుటలను ప్రక్కప్రక్కన పెట్టి చదువవలెను.

ఇక వాషింగ్టను దీపము సంగతి. నేను నివసించు మాదాపూరున ఇంటికొకరు అమెరికాలో నున్నారన్నను అతిశయోక్తి తక్కువ. 2022 జూను తరువాత, దుర్గము చెఱువు గట్టున సాయంకాలము కలిసికొను పెద్దలు క్రొత్త భయమొకటి మాటలాడుకొన మొదలిడిరి. మా పొరుగింటి యిల్లాలు, కూతురు టెక్సాసున గర్భవతిగా నుండగా, “ప్రాణం మీదికొస్తే కూడా డాక్టర్లు కోర్టుకు భయపడతారట, నిజమేనా మాస్టారూ?” అని యడిగినది. దేశాంతరపు కోర్టు సంగతి మన వాకిటిలోనికి అట్లు వచ్చినది.

జరిగినదిది. అమెరికాలో సంయుక్త ప్రభుత్వపు న్యాయమూర్తులను అధ్యక్షుడు పేర్కొనును. సెనేటు బహిరంగ విచారణచేసి ఆమోదించును. పదవి యావజ్జీవము. 1973 జనవరి 22వ తేదీన ఆ సుప్రీం కోర్టు రో కేసున ఏడుగురు ఒక ప్రక్కను, ఇద్దరు ఒక ప్రక్కను నిలిచి, గర్భస్రావ నిర్ణయము స్త్రీ గోప్యతాహక్కులో చేరినదని చెప్పినది. తీర్పు వ్రాసిన బ్లాక్‌మన్, నిక్సన్ నియమించినవాడు. నియమించినవాని కోరికయే న్యాయమూర్తి కోరిక యగునను నిశ్చయము లేదనుటకు ఆయనయే సాక్షి. ఆ హక్కును పార్లమెంటరీ చట్టమేదియు వ్రాసి స్థిరపఱచలేదు. తీర్పు నీడననే అది నలువదితొమ్మిదేండ్లు నిలిచినది. 2016లో జస్టిస్ స్కేలియా మరణింపగా సెనేటు ఆ స్థానమును ఏడాదికి పైగా ఖాళీగా నుంచినది. 2017లో గోర్సచ్, 2018లో కావనా, 2020లో గిన్స్‌బర్గ్ మరణానంతరము బ్యారెట్, ఈ ముగ్గురు ట్రంపు పేర్కొనగా పీఠమెక్కిరి. 2022 జూను 24వ తేదీన డాబ్స్ కేసున రో తీర్పు రద్దయినది. ఆ నలువదితొమ్మిదేండ్లలో రాజ్యాంగమున ఆ విషయమై ఒక్క యక్షరము మాఱలేదు. ఆ వేసవి తరువాత టెక్సాసు మొదలైన పెక్కు రాష్ట్రములలో కఠిన నిషేధములు అమలునకు వచ్చినవి.

మన దేశమున స్థితి కొంత వేఱు. 1964లో శాంతిలాల్ షా అధ్యక్షతను ఒక సంఘము నియమింపబడినది. దాని నివేదిక ననుసరించి 1971లో పార్లమెంటు వైద్య గర్భవిచ్ఛేద చట్టమును చేసినది. 1972 ఏప్రిలు 1వ తేదీన అది అమలునకు వచ్చినది. కాన మన స్త్రీల రక్షణకు తీర్పుతోబాటు వ్రాతచట్టమొకటి కలదు. 2021లో దానిని సవరించి, కొన్ని తరగతుల స్త్రీలకు గడువును 20 వారములనుండి 24 వారములకు పెంచిరి. అయినను ఆ చట్టము స్త్రీ కోరినంత మాత్రమున హక్కు నిచ్చునది కాదు. వైద్యుల యభిప్రాయము నడుమ నుండును. గడువు దాటినప్పుడు, నియమముల మాటలు సందిగ్ధములైనప్పుడు, మరల న్యాయమూర్తి వ్యాఖ్యానమే శరణ్యము. 2022 జులైలో అవివాహిత యువతి యొకతె గర్భము ఇరువదివారములు దాటిన స్థితిలో ఢిల్లీ హైకోర్టు నాశ్రయింపగా, నియమములలో అవివాహితల ప్రస్తావన లేదని కోర్టు నిరాకరించినది. కొన్ని దినములలోనే సుప్రీం కోర్టు తాత్కాలికముగా అనుమతించి, సెప్టెంబరు 29వ తేదీన జస్టిస్ చంద్రచూడ్ అధ్యక్షతను ముగ్గురు న్యాయమూర్తుల పీఠము, వివాహితలకున్నది అవివాహితలకును కలదని పూర్తి తీర్పు చెప్పినది. నియమము ఒకటియే, చదివినవారు వేఱు.

అట్లయినచో స్త్రీలను పీఠమెక్కించిన చాలునా? చాలదనుటకు 2023 అక్టోబరు సాక్ష్యము. ఇరువదియాఱు వారముల గర్భముతో ఇద్దరు బిడ్డల తల్లి సుప్రీం కోర్టునకు వచ్చినప్పుడు, ఆ పీఠమున ఇద్దరును స్త్రీలే: తెలంగాణ హైకోర్టునకు తొలి మహిళా ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన జస్టిస్ హిమా కోహ్లీ, జస్టిస్ బి. వి. నాగరత్న. మొదట ఇద్దరును అనుమతించిరి. శిశువు బ్రదుకు నవకాశము కలదని వైద్యులు తెలుపగా, 11వ తేదీన భిన్నాభిప్రాయము కలిగినది. అనుమతి నిచ్చుటకు మనస్సొప్పదని కోహ్లీగారు, తల్లి నిశ్చయమునే మన్నింపవలెనని నాగరత్నగారు పలికిరి. 16వ తేదీన ముగ్గురు న్యాయమూర్తుల పీఠము అనుమతి నిరాకరించినది. గర్భస్థ శిశువు పక్షమున మాటలాడువారిని నేను తేలికగా చూడను. ఆ ప్రశ్న కఠినమైనది. కాని ఆ యిద్దరి చర్చలో తల్లి యొక్క అలసట, భయము, మందులు, ఇంటి పరిస్థితి చర్చకు వచ్చినవి. స్త్రీ పీఠముమీద నున్నంత మాత్రమున తీర్పు స్త్రీ కోరినట్లే యుండదు. ఆమె యచ్చట లేకున్న మాత్రము, అడుగవలసిన ప్రశ్నలు కొన్ని అడుగకయే తీర్పు వచ్చును.

చరిత్ర చదివినవానికి ఇందు మూడు సంగతులు తోచుచున్నవి. మొదటిది: తీర్పులో మాత్రమే పుట్టిన హక్కు పీఠముతోబాటు మాఱగలదు. కావున స్త్రీల హక్కులను చట్టసభలు అక్షరములలో వ్రాసి స్థిరపఱచవలెను. రెండవది: ఎంత వ్రాసినను చదువువాడొకడు వలయును. చదువువానిని ఎన్నుకొను పద్ధతి ప్రజలకు కనబడవలెను. శాసనసభ్యుని గుఱించి మూడు నెలలు వీధులలో వాదించు మనము, ముప్పదియేండ్లపాటు మన బిడ్డల జీవితములను శాసింపగల తీర్పు చెప్పువారెట్లు వచ్చుచున్నారో ఒక్కనాడైన అడుగము. అమెరికావలె రాజకీయ పక్షముల పోరును ఇచ్చటికి తెచ్చుకొనుమని నా భావము కాదు. మూసిన తలుపులు మంచివనియు కాదు.

మూడవది: ఓడిన తీర్పు చచ్చిన తీర్పు కాదు. 2018 సెప్టెంబరులో వివాహేతర సంబంధపు నేరమునకు సంబంధించిన సెక్షనును కొట్టివేయుచు, జస్టిస్ చంద్రచూడ్ ముప్పదియైదేండ్లనాటి సరీత తీర్పును గౌరవముతో స్మరించిరి. 2019లో న్యాయశాస్త్ర విద్యార్థులు కొందఱు తొమ్మిదవ సెక్షను చెల్లదని సుప్రీం కోర్టున పిటిషను వేసిరి. పిన్హీ చెప్పిన మాటను బొంబాయిలో త్రోసివేసిన నూఱేండ్లకు దగ్గఱగా చౌదరిగారు హైదరాబాదున మరల పలికిరి. దానిని ఢిల్లీలో త్రోసివేసిన ముప్పదియైదేండ్లకు విద్యార్థులు మరల ఎత్తుకొనిరి. ఆ మాట ముందరి పీఠములకొఱకు కాచుకొనియున్నది.

నా శిష్యురాలి దావా రెండేండ్లు నడచి రాజీతో ముగిసినది. తుదిదినమున ఆమె నాకు నమస్కరించి, “సార్, ఈసారి పిల్లలకు చెప్పేటప్పుడు తరవాత ఏమైందో కూడా చెప్పండి,” అనినది. పదవి విరమించువఱకు ప్రతి సంవత్సరము పదవ తరగతికి రెండు సగములను చెప్పితిని. నేడు మీకును చెప్పితిని. మీ యింట ఆడుబిడ్డ యున్నచో ఆమెకు చట్టము చెప్పుడు. చట్టము చదువువారిని గుఱించియు చెప్పుడు.

సెలవు.